గుర్తుండని వయసులో జరిగినవి బిడ్డపై ప్రభావం చూపుతాయా?

పాపకు ఏడాదిన్నర అనీ, మీరిద్దరూ తిరుపతిలో ఉద్యోగాలు చేస్తున్నారనీ, ఈ వయసులో జరిగినవేవీ గుర్తుండవు కనుక ఎవరు చూసుకున్నా తేడా ఏముంటుందనీ అడిగారు. పలమనేరు వైపు అంగన్‌వాడీ కార్యకర్తగా చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: సంఘటనలు గుర్తుండకపోయినా, వాటినిబట్టి బిడ్డ మెదడు రూపుదిద్దుకున్న తీరు నిలిచిపోతుంది.

మూడేళ్లు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడు పరిమాణంలో సుమారు 80 శాతానికి చేరుతుంది. ఆ కాలంలో నాడీకణాల మధ్య అవసరానికి మించి సంధానాలు ఏర్పడి, తరచూ వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి రాలిపోతాయి. బిడ్డ ‘ఊ’ కొడితే బదులు పలకడం, ఏడిస్తే ఎత్తుకోవడం, ఆ వాడుక అంటే ఇవే.

మా కేంద్రానికి మూడేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. తల్లిదండ్రులు బెంగళూరుకు కూలిపనులకు వెళ్లడంతో నెలకొకరి ఇంట్లో పెరిగాడు. ఒకనాడు గడప తగిలి పడి మోకాలు చీరుకుపోయినా ఏడవలేదు, ఎవరి వంకా చూడలేదు. మట్టి దులుపుకుని గోడవారగా కూర్చున్నాడు. ఎంత బుద్ధిమంతుడో అన్నారు అక్కడివాళ్లు. నాకు మాత్రం భయం వేసింది, ఎందుకంటే దెబ్బ తగిలిన పసిబిడ్డ ముందుగా తనవాళ్ల ముఖం కోసం వెతుక్కోవాలి. ఆ తర్వాత వాళ్ల అవ్వ వాణ్ణి పూర్తిగా తన దగ్గరే ఉంచుకుని, రోజూ తానే స్నానం చేయించి, సంకటి ముద్దలు పెట్టి, పక్కలో పడుకోబెట్టుకుంది. కొన్ని నెలలకు చిన్న దెబ్బకే ‘అవ్వా’ అని ఏడుస్తూ పరుగెత్తడం మొదలుపెట్టాడు. మొండితనం పెరిగిందని ఆమె దిగులుపడితే, బిడ్డ తేరుకుంటున్నాడని నేను ధైర్యం చెప్పాను.

రుమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం కూడా ఇదే చూపింది: అనాథాశ్రమాల నుంచి రెండేళ్లలోపే పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లలు, ఆలస్యంగా చేరినవారికంటే అనుబంధాల విషయంలో బాగా కోలుకున్నారు.

మీరు ఉద్యోగం మానవలసిన పని లేదు. క్రెష్‌కు వెళ్లినప్పుడు బొమ్మలకంటే ముందు, ఆయాలు తరచూ మారుతారా, ఒక్కొక్కరు ఎంతమందిని చూస్తారు, ఏడ్చే బిడ్డను ఎత్తుకుంటారా లేక ఫోన్ చేతికిస్తారా అన్నది కనుక్కోండి. మీ అమ్మగారో అత్తగారో రాగలిగితే, నెలకొకరు వంతులు వేసుకోకుండా ఒకరే ఎక్కువకాలం ఉండేలా మాట్లాడుకోండి.