తుప్పు పరిశోధనకు పూనుకున్న బిడ్డకు

చిరంజీవి స్రవంతికి పెద్దనాన్న దీవెనలు.

ఆమ్లంలో ఉక్కు తుప్పు పట్టకుండా వేపాకు సారం దాని మీద ఎలా అధిశోషణం చెందుతుందో, అంటే దాని ఉపరితలానికి ఎలా అంటుకుంటుందో, పరిశోధించబోతున్నావని మీ బాపు చెప్పినప్పటి నుంచి ఒకవైపు గర్వంగానూ, మరోవైపు గుబులుగానూ ఉన్నది.

ఉక్కు ముక్కలను ఎమరీ కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో కడిగి, ఆరబెట్టి తూచడం ఎవరైనా నేర్పుతారు. ఒక్కో గాఢతకు మూడేసి ముక్కలు పెట్టు. విద్యుత్ కొలతలకు ముందు ద్రావణంలో ఉక్కు పొటెన్షియల్ (వోల్టేజి) నిలకడకు వచ్చేదాకా ఆగు.

నా గుబులంతా లాంగ్మ్యూర్ గీత గురించే, అంటే అణువులు ఉపరితలం మీద ఒకే పొరగా చేరుతాయనే లాంగ్మ్యూర్ సూత్రం సరిపోయిందని చూపడానికి గీసే గీత. నాతో చదివిన ఒకాయన, చేతిపనిలో మాకంటే నేర్పరి, గాఢతను ఉపరితలం కప్పబడిన భాగంతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ గాఢతకే ఎదురుగా గీసి, సహసంబంధ గుణకం 0.99 దాటిందని సిద్ధాంత వ్యాసమంతా దాని మీదనే నిలబెట్టాడు. మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దాయన సుద్దముక్క తీసుకొని, లీటరుకు 100 నుంచి 500 మిల్లీగ్రాములకు గాఢత పెరుగుతుంటే కప్పబడిన భాగం 0.90, 0.88, 0.86, 0.83, 0.80గా తగ్గుతున్నట్లు అంకెలు వేశారు. గాఢత పెరిగితే కప్పుదల తగ్గడం లాంగ్మ్యూర్‌కు పూర్తిగా విరుద్ధం. అయినా గీత తిన్నగానే వచ్చింది, గుణకమూ 0.99 దాటింది. రెండు అక్షాల మీదా గాఢతే కూర్చున్నప్పుడు తిన్నగా రాక ఏమవుతుంది? మావాడు తల ఎత్తలేదు. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నాకు బాధే. అందుకని వాలు ఒకటికి దగ్గరగా ఉన్నదా లేదా చూడు. కప్పిన భాగాన్ని కప్పని భాగంతో భాగించి, దాని లాగరిథమ్‌ను గాఢత లాగరిథమ్‌కు ఎదురుగా కూడా గీయి. అక్కడ వాలు ఒకటి రాకపోతే లాంగ్మ్యూర్ పేరు ఎత్తకు.

ఇంకొకటి, కోప్పడి చెప్తున్నాననుకోకు. ఆకు సారం ఒక్క పదార్థం కాదు, దానికి అణుభారం లేదు. అలాంటప్పుడు లీటరు నీటిలోని మోల్‌ల సంఖ్య 55.5 పెట్టి అధిశోషణపు స్వేచ్ఛాశక్తి లెక్కగట్టి, మోల్‌కు మైనస్ 20 కిలోజౌళ్లయితే అంటుకోవడం భౌతికం (విద్యుదాకర్షణ వంటిది), మైనస్ 40 అయితే రసాయనికం (బంధం కలిసేది) అని తేల్చేయడం ఏం చదువు, బిడ్డా? హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముందుగా క్లోరైడ్ అయాన్లు ఉక్కును పట్టుకుంటాయి, ప్రోటాన్ అందుకున్న అణువులు వాటి ఆకర్షణతో వచ్చి చేరుతాయి. నత్రజని మీది ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఇనుముతో బంధం కలపడమూ ఉండవచ్చు. ఏది ఎంతో ఒక్క అంకె చెప్పదు.

ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయరాదు. పొగగూడు ఫ్యాను పనిచేయని రోజు పని ఆపెయ్యి, గైడు ఏమన్నా సరే. రాత్రిపూట ల్యాబులో ఒక్కదానివే ఉండకు. బతుకమ్మకు ఇంటికి వచ్చేటప్పుడు తూకాల పుస్తకం వెంట తీసుకురా, కొట్టేసిన అంకెలతో సహా చూస్తాను.

మీ పెద్దనాన్న
హనుమకొండ