మీ ప్రశ్న - మా జవాబు: గీజర్లో సున్నం, ఊరి పైపులో పొర

ప్రశ్న: మాది పిడుగురాళ్ల, బోరు నీళ్లే దిక్కు. గీజర్ కొని ఏడాది కూడా కాలేదు, మెకానిక్ విప్పితే కాయిల్ మీద నుంచి గుప్పెడు తెల్ల పెంకులు రాలాయి. అవే నీళ్లు తాగుతున్నాం కదా, కిడ్నీలో రాళ్లు రావా? - ఒక గృహిణి

జవాబు: సున్నపురాయి మీద ఊరు కట్టుకుని సున్నం లేని నీళ్లు కావాలంటే ఎలాగండి! వాన నీళ్లు నేలలోకి దిగుతూ మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కాస్త ఆసిడ్ గుణం తెచ్చుకుంటాయి, ఆ నీళ్లు సున్నపురాయిని కరిగించి కాల్షియం బైకార్బనేట్‌గా మీ బోర్లోకి మోసుకొస్తాయి, కాయిల్ దగ్గర వేడి తగలగానే ఆ గ్యాస్ ఎగిరిపోయి కాల్షియం కార్బనేట్ మళ్లీ రాయిగా దిగిపోతుంది. పంచదార వేడి నీళ్లలో ఎక్కువ కరుగుతుంది కదా, ఇది దానికి రివర్సు, వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే చల్లటి బకెట్లో కనబడని పొర కాయిల్ మీద అట్టలు కడుతుంది. ఒక పెంకు మీద నిమ్మకాయ పిండి చూడండి, సన్నగా బుడగలొస్తాయి.

రాళ్ల సంగతికొస్తే, కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్, గీజర్లో ఉన్నది కార్బనేట్, రెండూ ఒకటి కాదు. హార్డ్ వాటర్, అంటే ఇలా సున్నం ఎక్కువున్న నీళ్లు, తాగడమే కారణమని తేల్చిచెప్పే ఆధారం లేదు, నీళ్లు తక్కువ తాగడం మాత్రం కచ్చితంగా ఒక కారణం. ఇప్పటికే ఒకసారి రాయి వచ్చినవాళ్లుంటే డాక్టర్నే అడగండి. మన దేశపు తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, హార్డ్‌నెస్ లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చంటుంది, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా. హార్డ్ వాటర్‌తో అసలు తంటా వంటింట్లోనే, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది, ఎందుకంటే పప్పు కణాల్ని అతికించి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని ఈ కాల్షియం గట్టిగా పట్టేసుకుంటుంది. నీళ్లు కాచి, చల్లార్చి, తేర్చి పప్పుకి వాడితే చాలావరకు తేడా తెలుస్తుంది.

ప్రశ్న: బీటెక్ సివిల్ చదువుతున్నా. క్లాసులో సారు లాంజిలియర్ ఇండెక్స్ చెప్తూ పైపులో సన్నటి స్కేల్ (సున్నపు పొర) ఉంటేనే మంచిదన్నారు, ఇంట్లో అమ్మేమో స్కేల్ వదిలించమని గోల. ఎవరు రైటు? - ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఇద్దరూ రైటే, మీ అమ్మగారు మాట్లాడేది గీజరు గురించి, మీ సారు మాట్లాడేది ఊరి పైపు గురించి. లాంజిలియర్ కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీలో ప్రొఫెసరు, నీళ్ల పీహెచ్, కాల్షియం, ఆల్కలినిటీ, టెంపరేచర్ చూసి ఆ నీళ్లు పైపుకి పొర కడతాయా లేక ఉన్న పొరని తినేస్తాయా అని లెక్క కట్టే పద్ధతి 1936లో ఇచ్చాడు. పాజిటివ్ వస్తే పొర కడుతుంది, నెగెటివ్ వస్తే తింటుంది, పరీక్షకి ఇది చాలు. కానీ ఇంజనీరుగా పని చెయ్యాలంటే చాలదు, ఎందుకంటే ఆ లెక్క కాల్షియం కార్బనేట్ ఒక్కదానికే, పైపులో కట్టే ఖనిజాలు ఇంకా చాలా ఉంటాయి, ఇండెక్స్ పాజిటివ్‌గా ఉంది కాబట్టి నీళ్లలోకి సీసం దిగదులే అనుకుంటే కొంప మునుగుతుంది.

వాషింగ్టన్ డీసీలో సరిగ్గా ఆ ఖనిజాల దగ్గరే దెబ్బ తగిలింది. అక్కడ పాత సీసం గొట్టాల లోపల ఏళ్ల తరబడి క్లోరిన్ తగిలి లెడ్ డయాక్సైడ్ పొర కట్టింది, అది దాదాపు కరగదు, కాబట్టి గొట్టం సీసమే అయినా నీళ్లు ఫర్వాలేదు. క్లోరిన్ వల్ల పుట్టే హానికర పదార్థాలు తగ్గిద్దామని 2000 నవంబర్‌లో క్లోరమైన్‌కి, అంటే క్లోరిన్‌కి అమ్మోనియా కలిపిన మందుకి, మారారు, ఉద్దేశం మంచిదే, కానీ ఆ పొర నిలబడటానికి కావలసిన ఆక్సీకరణ శక్తి క్లోరమైన్‌కి లేదు, పొర కరగడం మొదలైంది, కుళాయిల్లో సీసం పెరిగింది, 2004లో గొట్టం లోపల కొత్త రక్షణ పొర కట్టే ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలెట్టాక గానీ దారికి రాలేదు. ఫ్లింట్‌ది ఇంకా అన్యాయం. మిషిగన్‌లోని ఆ ఊరు 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీళ్లకి మారింది, ఆ నీళ్లలో క్లోరైడ్ ఎక్కువ, పైగా డెట్రాయిట్ వాళ్లు కలిపే ఫాస్ఫేట్‌ని వీళ్లు కలపలేదు. అదే అక్టోబర్‌లో జనరల్ మోటార్స్ ఇంజన్ ఫ్యాక్టరీ ఈ నీళ్లతో విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ కనెక్షన్ వద్దనుకుంది, ఇంజన్లకి పనికిరాని నీళ్లని జనం ఇంకో ఏడాది తాగారు! వర్జీనియా టెక్ నుంచి మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఒక ఇంట్లో పట్టిన శాంపిల్లో సీసం 13,200 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 13,200 భాగాలు) దాకా కనబడింది, అప్పట్లో అక్కడ చర్య తీసుకోవాల్సిన హద్దు 15.

మన ఇళ్లలో ఎక్కువగా పీవీసీ (ప్లాస్టిక్), జీఐ (జింకు పూత ఇనుము) పైపులు కాబట్టి కథ అచ్చం అదే కాదు, కానీ పాత ఇనప పైపుల్లోకి వేరే సోర్సు నీళ్లు వదిలినప్పుడు కొన్నాళ్లు ఎర్ర నీళ్లు రావడానికి కారణం ఇదే, పాత పొర కొత్త నీళ్లతో కుదురుకోక ఊడుతుంది. ప్రాజెక్టు చెయ్యాలనుకుంటే ఇండెక్స్ లెక్కలు వదిలేసి ఒక పాత పైపు ముక్క కోయించి లోపలి పొరలు చూడండి.

ప్రశ్న: మా మర్రిగూడ వైపు ఒక బోరులో సబ్బు నురగ బాగా వస్తది, గిన్నెకి తెల్ల పొర కూడా పట్టదు, ఐనా ఫ్లోరైడ్ ఉందంటరు. అదెట్ల? - ఒక రైతు, నల్గొండ జిల్లా

జవాబు: పొర పట్టకపోవడంలోనే ఉందండి కిటుకు. కాల్షియం, ఫ్లోరైడ్ కలిస్తే కాల్షియం ఫ్లోరైడ్ అయి కొంత కిందికి దిగిపోతుంది, అంటే కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ మరీ పెరగలేదు. మీది గ్రానైటు నేల, రాళ్లలోంచి ఫ్లోరైడ్ వస్తూనే ఉంటుంది, కాల్షియమేమో ముందే మట్టిలో సున్నంగా దిగిపోయి నీళ్లలో సోడియం మిగులుతుంది, ఇక ఫ్లోరైడ్‌ని ఆపేవాడు లేడు. అలాగని పొర పట్టే బోరంతా సేఫ్ అని కూడా అనుకోవద్దు, హద్దు లీటరుకి 1 మిల్లీగ్రాము, గతిలేకపోతే 1.5, అది టెస్టులోనే తెలియాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

నల్గొండ టెక్నిక్ అని మీ జిల్లా పేరు మీదే ప్రపంచమంతా చదువుకుంటారు, నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేశారు. బకెట్లో సున్నం, పటిక, బ్లీచింగ్ వేసి ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలిపి ఓ గంట వదిలేస్తే దూదిలాంటి తెట్టు ఫ్లోరైడ్‌ని పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైన తేరిన నీళ్లు అడుగుకి కాస్త పైనున్న కుళాయిలోంచి పట్టుకోవాలి. సైన్సు బాగుంది, కానీ పటిక చాలా పడుతుంది, మోతాదు ఆ బోరు నీళ్లని బట్టి మారాలి, తప్పితే అల్యూమినియం మిగిలిపోతుంది, పైగా రోజూ ఆ బకెట్ కలిపేది ఇంటి ఆడవాళ్లే. నా మాటడిగితే తాగడానికి, వంటకి భగీరథ నీళ్లే పట్టుకోండి, బోరుని మిగతా పనులకి ఉంచండి.

ప్రశ్న: ఆర్వో పెట్టినాయన టీడీఎస్ మీటర్లో 40 చూపించి సూపర్ అన్నాడు. నిజమేనా? - హైదరాబాద్

జవాబు: టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, కానీ ఆ మీటర్ నిజానికి కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందనే, అందులో ఫ్లోరైడ్ ఎంత, బ్యాక్టీరియా ఉందా అనేది దానికి తెలీదు. మీ కార్పొరేషన్ నీళ్ల టీడీఎస్ ముందే 500 లోపుంటే టీడీఎస్ కోసం ఆర్వో అక్కర్లేదు, ఉన్న కాస్త కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేసి బకెట్ల కొద్దీ నీళ్లు సింకులోకి వదలడమే.

ప్రశ్న: పైపుకి చుట్టే మాగ్నెట్ పెడితే స్కేల్ రాదంటున్నారు, కొనచ్చా?

జవాబు: మాగ్నెట్ నీళ్లలోంచి కాల్షియాన్ని తియ్యదు. కొన్ని ప్రయోగాల్లో స్ఫటికాల ఆకారం మారింది, కొన్నిట్లో ఏమీ జరగలేదు, ఇంటి పైపు మీద నమ్మకంగా పనిచేస్తుందని చెప్పలేం. కాల్షియం నిజంగా తీసేది ఉప్పుతో రీచార్జ్ చేసే సాఫ్ట్‌నర్. ఐనా మాగ్నెట్టే కావాలంటే, పనిచెయ్యకపోతే డబ్బు వాపసిస్తానని బిల్లు మీద రాసివ్వమని అడిగి చూడండి.