గ్రంథాలయానికి వచ్చిన ఆరు కంప్యూటర్ల గురించి

హనుమకొండ

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

పరకాల దగ్గరి మీ ఊరి గ్రంథాలయానికి ఆరు పాత కంప్యూటర్లు వచ్చాయనీ, వాటిలో విండోస్ బదులు ఏ లినక్స్ (కంప్యూటర్‌ను నడిపే ఉచిత సిస్టం, చాలా రకాలుంటాయి) వేయాలో చెప్పమనీ రాశావు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం లేని యంత్రాలను అధికారికంగా ఒప్పుకోదు కాబట్టి నువ్వు ఎంచుకున్న దారి సరైనదే. అయితే సిస్టం పేరు అడిగే ముందు మూత తీసి చూడు, బిడ్డా.

ఎనుమాముల మార్కెట్ దగ్గరి ఒక పత్తి వ్యాపారి కార్యాలయం నుంచి ఒకసారి నా దుకాణానికి కంప్యూటర్ వచ్చింది. అరగంట నడిచి ఆగిపోతోంది, సిస్టం మార్చమన్నారు. మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద పత్తి పీచూ దుమ్మూ కలిసి దూది పొరలా గట్టిపడి ఉన్నాయి. వాటిని బ్రష్‌తో తీసి, ఎండిపోయిన థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని బయటికి చేరవేసే పూతను) తుడిచి కొత్తది రాస్తే అదే సిస్టంతో రోజంతా నడిచింది. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీని, అంటే సీఆర్ 2032ను కూడా మార్చు. అది అయిపోతే కరెంటు తీసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, బ్రౌజరేమో వెబ్‌సైట్లు సురక్షితం కావంటూ అడ్డుకుంటుంది. చూసినవాళ్లు తప్పు లినక్స్‌దే అనుకుంటారు.

చేతిలో కొద్ది డబ్బే ఉంటే దాన్ని ముందుగా ఎస్‌ఎస్‌డీల మీదే, అంటే హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్కుల మీదే పెట్టు. పాత హార్డ్ డిస్క్ ఉన్నంత కాలం ఎంత తేలికైన సిస్టం వేసినా ఈడ్చుకుంటూనే నడుస్తుంది. ర్యామ్ చాలకపోతే రెండింటిలోని ర్యామ్ తీసి మిగతావాటిలో వేసి, ఆరింటిని నాలుగు చేయడానికి వెనకాడకు. డీడీఆర్2, డీడీఆర్3 అనే ర్యామ్ రకాల గాడులు వేరు కాబట్టి ఒకే రకానివి చూసుకొని మార్చు.

ఇక ఎంపిక సంగతి. కోర్ 2 డుయో, ఐ3 వంటి ప్రాసెసర్లన్నీ 64 బిట్‌వే, వాటికన్నా పాత తరానివి 32 బిట్‌వి. 64 బిట్ పెట్టెల్లో 4 జీబీ ర్యామ్ ఉంటే లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని వెయ్యి. 2 జీబీతోనూ నడుస్తుంది కానీ, సిస్టం కన్నా బ్రౌజరే ఎక్కువ తింటుంది కనుక నాలుగైదు ట్యాబులకే ఊపిరాడదు. మింట్ 22వ వెర్షన్‌కు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. 32 బిట్ పెట్టె ఏదైనా ఉంటే డెబియన్ 12 గానీ, ఆంటీఎక్స్ గానీ చూడు, అవీ లినక్స్ రకాలే. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. మిగతావాటన్నింటిలో మాత్రం ఒకే సిస్టం ఉంచు. ఒక్కో పెట్టెకు ఒక్కో సిస్టం వేస్తే నువ్వు లేని రోజున నేర్పేవారు ఉండరు.

వేసే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే డిస్కులో వేయకుండానే నడిపి వైఫై, శబ్దం, ప్రింటర్ పరీక్షించు. కొన్ని వైఫై కార్డులకు డ్రైవర్ విడిగా వేయాలి, అప్పుడు తాత్కాలికంగా ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ ఇవ్వవచ్చు. డిస్కులో పాతవారి ఫైళ్లుంటే వారిని అడిగి, వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూసిన తరువాతే తుడిచెయ్యి. తెరిచి చూడకుండా తుడిచి, ఒక తల్లికి తన కొడుకు చిన్నప్పటి ఫోటోలను నేను పోగొట్టాను. ఆమె నన్నేమీ అనలేదు, ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

తెలుగు టైపింగ్‌కు కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ కలుపు, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ టైపింగ్ పద్ధతి వస్తుంది. డీటీపీ దుకాణాల్లో అను లిపులతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే అక్షర పద్ధతి) కావు, లినక్స్‌లోని ఆఫీసు ప్రోగ్రాం లిబ్రెఆఫీస్‌లో అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని ముందే యూనికోడ్‌లోకి మార్పించి తెచ్చుకో. చదువుకోవడానికి వచ్చేవారికి అడ్మిన్ హక్కులు లేని ఖాతా ఒకటి పెట్టి, అడ్మిన్ పాస్‌వర్డ్ నీ దగ్గరా గ్రంథపాలకుడి దగ్గరా ఉంచు. అప్‌డేట్లు వారానికొకసారి, గ్రంథాలయం మూసే వేళ చెయ్యి.

ముందు ఒక్క పెట్టెలో వేసి, పది రోజులు పిల్లల చేతికివ్వు. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రాసి పంపు, మిగతావాటి సంగతి అప్పుడు చూద్దాం.

ఇట్లు,
మీ మామ