రాకెట్ పొట్టలో పాతిక గొట్టాలు

తొలినాటి ఆవిరి ఇంజన్ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయి క్విజ్ పుస్తకంలో తొలి రైలింజన్ స్టీఫెన్‌సన్ ‘రాకెట్’, 1829 అని ఉంది. ట్రెవితిక్ ఇంజన్ 1804లోనే నడిచిందని ఇంకోచోట చదివాను. ఏది నిజం? అప్పుడే నడిచి ఉంటే మరి పాతికేళ్లు ఎందుకు పట్టింది? (కాజీపేట)

జవాబు: క్విజ్ పుస్తకంలో ఆ జవాబు కొట్టేయండి. పట్టాల మీద బరువు లాగింది ముందు రిచర్డ్ ట్రెవితిక్ ఇంజనే. 1804 ఫిబ్రవరి 21న సౌత్ వేల్స్‌లో పెనిడారెన్ ఇనుప కర్మాగారం నుంచి అబర్‌కినన్ వరకు తొమ్మిది మైళ్లకు పైగా నడిచింది. వెనక అయిదు బళ్లు, వాటిలో 10 టన్నుల ఇనుము, దాని మీద ఎక్కి కూర్చున్న 70 మంది. 4 గంటల 5 నిమిషాలు పట్టింది. దారికి అడ్డొచ్చిన చెట్లు కొట్టిన సమయం, బండలు తొలగించిన సమయం కూడా అందులోనే.

ఇంజన్ నిలిచింది గానీ దారి నిలవలేదు. అది గుర్రపు బళ్ల కోసం వేసిన దారి. గజం పొడవు పోత ఇనుప పలకల్ని రాతి దిమ్మల మీద పరిచారు. పోత ఇనుము ఎంత నొక్కినా తట్టుకుంటుంది, సాగదీస్తే మాత్రం పెళుసు. రెండు దిమ్మల నడుమ చక్రం బరువు పడగానే పలక పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగాలి. సాగలేక పటుక్కున విరుగుతుంది. సుమారు అయిదు టన్నుల ఇంజన్ నాలుగు చక్రాల మీద, స్ప్రింగులు లేకుండా ఎగిరెగిరి పడుతుంటే పలకలు ఏం నిలుస్తాయి? చివరికి ఆ ఇంజన్‌ను దారి మీంచి తప్పించి వేరే పనికి వాడుకున్నారు.

తర్వాతివాళ్లు రెండు రకాలుగా ప్రయత్నించారు. ఇంగ్లండ్‌లోని వైలమ్ బొగ్గు గనిలో ఇంజన్లకు ఎనిమిది చక్రాలు పెట్టి బరువు పంచారు. అది ఉపశమనమే గానీ మందు కాదు. అసలు మందు 1820లో బెడ్లింగ్టన్ ఇనుప కర్మాగారంలో జాన్ బర్కిన్‌షా తీసిన పట్టా. కాచిన చేత ఇనుమును రోలర్ల మధ్య నడిపి ఒక్కోటి 15 అడుగుల పొడవున తీశాడు. అది వంగుతుంది గానీ విరగదు, అతుకులూ అయిదో వంతుకు తగ్గాయి. చరిత్ర పుస్తకాలు ఇంజన్ కట్టినవాళ్లకే పెద్దపీట వేస్తాయి. మా లెక్కలో బర్కిన్‌షాకూ ఒక పీట వేయాలి.

ప్రశ్న: నున్నటి చక్రం నున్నటి పట్టా మీద జారకుండా అంత బరువు ఎలా లాగుతుంది? అప్పట్లో పళ్ల చక్రాలు వాడారట కదా? (గుంతకల్లు)

జవాబు: వాడారు. లీడ్స్‌లోని మిడిల్టన్ రైలుదారిలో 1812లో జాన్ బ్లెంకిన్‌సాప్, మాథ్యూ మర్రే అనే ఇద్దరు కలిసి పట్టా పక్కన పళ్లు పోతపోయించి, ఇంజన్‌కు పళ్ల చక్రం బిగించారు. చక్రం జారుతుందన్న భయం ఒక్కటే కారణం కాదు. పలకలు విరక్కుండా ఇంజన్‌ను తేలిగ్గా కడితే చక్రానికి పట్టు చాలదు, ఆ లోటు పళ్లు తీరుస్తాయి. వైలమ్‌లో విలియం హెడ్లీ మాత్రం మనుషులు చేత్తో తిప్పే బండి ఒకటి చేయించి, దాని మీద బరువులు పేర్చి, ఎంత బరువుకు ఎంత పట్టు దొరుకుతుందో కొలిచి చూశాడు. నున్నటి చక్రమే చాలని తేలింది.

మీరే లెక్క వేసుకోండి. పొడి ఇనుము మీద పట్టు బరువులో సుమారు అయిదో వంతు. రాకెట్‌ను తిప్పే చక్రాల మీద పడేది రెండున్నర టన్నులనుకుంటే, అర టన్ను, అంటే 1,120 పౌండ్ల లాగుడు వచ్చేదాకా జారదు. చదును దారిలో టన్ను బండిని కదిలించడానికి 10 పౌండ్లు వేసుకుందాం. లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వేకు ఇంజన్ ఎంచుకోవడానికి 1829లో రెయిన్‌హిల్‌లో పెట్టిన పోటీలో రాకెట్ లాగిన దాదాపు 13 టన్నులకు 130 పౌండ్లు చాలు. ఎగుడు వస్తే లెక్క మారుతుంది. నూటికి ఒకటి ఎక్కుడులో ప్రతి టన్నుకూ ఇంకో 22 పౌండ్లు కలపాలి, అప్పుడు ఇంజన్ సొంత బరువూ లెక్కలోకి వస్తుంది. వాన తుంపర పడి పట్టా జిడ్డుగా ఉంటే పట్టు సగానికి పడిపోతుంది. పట్టాల మీద ఇసుక చల్లేది అందుకే.

ప్రశ్న: పాలిటెక్నిక్ ప్రాజెక్టుకు రాకెట్ కోత నమూనా చేస్తున్నాం. బాయిలర్‌లో అన్ని గొట్టాలు ఎందుకు? నీళ్లు కారకుండా ఎలా బిగించారు? (విజయవాడ)

జవాబు: ముందు కొలతలు రాసుకోండి. బాయిలర్ పొడవు 6 అడుగులు, వ్యాసం 3 అడుగుల 4 అంగుళాలు. లోపల 3 అంగుళాల రాగి గొట్టాలు 25. వాటిని కింది సగంలోనే పెట్టండి, పైన ఆవిరికి చోటుండాలి. తిప్పే చక్రం వ్యాసం 4 అడుగుల 8½ అంగుళాలు. పోటీలో పాల్గొన్ననాటి రూపమైతే సిలిండర్లు ఏటవాలుగా ఉండాలి. తర్వాత వాటిని దాదాపు అడ్డంగా దించారు. రెండు రూపాలూ కలిపేయకండి, నమూనాల్లో తరచూ జరిగే తప్పు ఇదే.

ఇక గొట్టాలెందుకంటే, అంతకుముందు బాయిలర్లలో మంట పోయేది ఒకే లావుపాటి గొట్టంలో. 20 అంగుళాల వ్యాసం, 6 అడుగుల పొడవు అనుకుంటే నీటిని తాకే వైశాల్యం 31 చదరపు అడుగులు. పాతిక సన్న గొట్టాలతో అది దాదాపు 118 అవుతుంది. అంటే అదే బాయిలర్‌లో సుమారు నాలుగింతలు. ఈ సలహా రాకెట్ కట్టిన రాబర్ట్ స్టీఫెన్‌సన్‌కు ఇచ్చింది లివర్‌పూల్–మాంచెస్టర్ రైల్వే కార్యదర్శి హెన్రీ బూత్. ఫ్రాన్సులో మార్క్ సెగాన్‌కూ విడిగా ఇదే ఆలోచన వచ్చింది.

బిగింపు అంత సులువుగా కుదరలేదు. మొదట గొట్టాల చివర మరలున్న ఇత్తడి ముక్కలు అతికి, పలకలో తిప్పి బిగిస్తే నీళ్లు ప్రతి అతుకులోంచీ చిమ్మాయని నమోదైంది. తర్వాత గొట్టానికి సరిగ్గా సరిపడే రంధ్రాలు వేసి, గొట్టాల్ని బిగుతుగా దిగ్గొట్టి, చివర్లు వెడల్పు చేసి పలకకు అణగ్గొట్టారు. నీటి ఒత్తిడితో పరీక్షిస్తే చదరపు అంగుళానికి 70 పౌండ్ల దగ్గర చివరి పలక 3/16 అంగుళం బయటికి ఉబ్బింది. ఆశ్చర్యం లేదు. పోటీకి అనుమతించిన 50 పౌండ్ల దగ్గరే, గొట్టాల రంధ్రాలు తీసేసినా, గుండ్రటి పలక మీద దాదాపు 24 టన్నుల తోపుడు ఉంటుంది. బల్లపరుపు పలక తనంతట తాను అంత ఆపలేదు. అందుకే లోపల ఇనుప కడ్డీలతో పలకల్ని బిగించి కట్టారు. మీ కోతలో ఆ కడ్డీలు కనిపించాలి.

ప్రశ్న: ‘ఛుక్‌ఛుక్’ శబ్దం ఎక్కడిది? (బిట్రగుంట)

జవాబు: సిలిండర్‌లో పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోకి దూసుకుపోయేటప్పటి చప్పుడది. రెండు సిలిండర్లు, ఒక్కోదానికి రెండు వైపులా ఆవిరి, అంటే చక్రం ఒక్క చుట్టుకు నాలుగు దెబ్బలు. రాకెట్ గంటకు 12 మైళ్ల మీద వెళ్తుంటే సెకనుకు దాదాపు అయిదు. ఆ ఆవిరి పోతూ పోతూ పొగను కూడా లాక్కుపోతుంది, ఆ లాగుడుకు పొయ్యిలోకి గాలి వస్తుంది. ఇంజన్ ఎంత కష్టపడితే మంట అంత రేగుతుందన్నమాట. ఆవిరి బయటికొచ్చే గొట్టం మూతి మరీ సన్నం చేస్తే రెండు నష్టాలు: పిస్టన్‌కు ఎదురొత్తిడి, పొయ్యిలో కాలని కోక్ (బొగ్గును కాచి తీసిన ఇంధనం) పైకి ఎగిరిపోవడం. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ పోటీలో టిమొతీ హాక్‌వర్త్ కట్టిన ‘సాన్ పరేల్’ ఇంజన్‌కు జరిగింది రెండోదే. గంటకు 692 పౌండ్ల కోక్ తినేసింది, రాకెట్‌కు దాదాపు మూడింతలు.

ప్రశ్న: బాయిలర్లు పేలకుండా సీసం బిరడా పెట్టేవారట. అది ఎలా కాపాడుతుంది? (సికింద్రాబాద్)

జవాబు: 1803లో గ్రీనిచ్‌లో ట్రెవితిక్ పంపు ఇంజన్ ఒకటి పేలి నలుగురు చనిపోయారు. ఆ తర్వాత ఆయన రెండు సేఫ్టీ వాల్వులు, మంట తగిలే పలకలో సీసం బిరడా పెట్టడం మొదలుపెట్టాడు. పలక పైన నీళ్లున్నంతసేపు దాని వేడి నీటి వేడికి కాస్త ఎక్కువ, అంతే. 50 పౌండ్ల ఒత్తిడిలో నీటి వేడి సుమారు 148 డిగ్రీల సెల్సియస్. సీసం కరిగేది 327 దగ్గర. నీళ్లు తగ్గి పలక బయటపడితే వేడి గబగబా పెరిగి సీసం కరుగుతుంది, ఆ రంధ్రంలోంచి ఆవిరి చిమ్మి మంటను అణిచేస్తుంది. చిక్కేమిటంటే ఉప్పునీళ్లు పోస్తే బిరడా మీద గార పట్టి, నీళ్లు తగ్గినా గట్టిగా నిలిచిపోవచ్చు. పైగా సేఫ్టీ వాల్వును బరువు పెట్టి తొక్కిపట్టే డ్రైవర్‌కు బిరడా ఏ రక్షణా ఇవ్వదు. ఒత్తిడి పెరిగినా నీళ్లు నిండుగానే ఉంటాయి మరి.

ప్రశ్న: ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బాయిలర్‌లోకి నీళ్లు ఎలా ఎక్కించేవారు? (తెనాలి)

జవాబు: చాలా ఇంజన్లలో ఎక్కించే వీల్లేదు. నీటి పంపును పిస్టన్ కడ్డీయే నడిపేది, ఇంజన్ కదిలితేనే నీళ్లు. సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగి నీళ్లు తగ్గితే, బళ్లు విప్పేసి ఇంజన్‌ను ఒంటరిగా ముందుకీ వెనక్కీ నడిపి నింపుకోవాల్సిందే. ఫ్రాన్సులో హెన్రీ జిఫార్ 1858లో ఇంజెక్టర్‌కు పేటెంట్ తీసుకున్నాకే, కదిలే భాగాలేవీ లేకుండా ఆవిరి వేగంతోనే నీళ్లు నెట్టడం కుదిరింది.