అడ్డంకి మత స్వేచ్ఛ కాదు, మీ రాజీనామా లేఖ

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. ఒక మత సంస్థకు చెందిన ట్రస్టు నడిపే ప్రైవేటు పాఠశాలలో గణితం బోధించేదాన్ని. నా గుర్తింపు సంగతి తెలిశాక, ‘ఇది మా విశ్వాసాలకు విరుద్ధం, రాజ్యాంగం మాకు మత స్వేచ్ఛ ఇచ్చింది’ అంటూ యాజమాన్యం నాతో రాజీనామా రాయించుకుంది. వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నట్లు అందులో రాశాను. రెండేళ్ల నాలుగు నెలలైంది. అప్పటి వాట్సాప్ సందేశాలున్న ఫోన్ ఇప్పుడు నా దగ్గర లేదు. ఇంట్లోవాళ్లూ దూరమయ్యారు. రాజీనామాను ఉపసంహరించుకున్నట్లు పాత తేదీతో లేఖ తయారు చేయమని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మత స్వేచ్ఛ వాదన గురించి మీరు అంతగా భయపడనక్కరలేదు. 25వ అధికరణం ఇచ్చే స్వేచ్ఛ ఇతర ప్రాథమిక హక్కులకు లోబడి ఉంటుంది. 26వ అధికరణం మత సంస్థకు స్వయం నిర్వహణ హక్కు ఇచ్చేది మత విషయాలలోనే. గణితం బోధించడం మత విషయం కాదు. మీరు అడిగింది అర్చకత్వమో పౌరోహిత్యమో అయితే నా జవాబు ఇంత తేలికగా ఉండేది కాదు. పైగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం, 2019లోని ‘సంస్థ’ నిర్వచనంలో ట్రస్టు కూడా ఉంది. ఉద్యోగంలో వివక్షను 9వ సెక్షన్ నిషేధిస్తుంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రైవేటు పాఠశాలల్లో ఉద్యోగం కోల్పోయిన ఒక ట్రాన్స్‌జెండర్ ఉపాధ్యాయురాలికి పరిహారం ఇప్పించింది కూడా.

కేసును తేల్చేది మీ సంతకమున్న ఆ ఒక్క కాగితం. ‘తనంతట తానే మానేసింది’ అని వారంటే, ఒత్తిడి చేసి రాయించారని రుజువు చేయవలసిన భారం మీదే. అలాంటి కేసులో ప్రాణాధారమైన సందేశాలను కాపీ కూడా తీసుకోకుండా ఫోన్‌తో పాటు వదిలేయడం, రెండేళ్లకు పైగా ఒక్క అభ్యంతర లేఖ కూడా రాయకపోవడం క్షమించరాని అజాగ్రత్త. అవే సందేశాలు ఏ సహోద్యోగి ఫోన్‌లోనైనా ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రంతో సహా వెంటనే సేకరించండి. మీ గుర్తింపు బయటపడిన తేదీకీ రాజీనామా తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయో, మీ స్థానంలో ఎవరిని ఎప్పుడు తీసుకున్నారో చూపించే హాజరు, జీతం రికార్డులు కూడా బలమైన సాక్ష్యమే; అవి పాఠశాల దగ్గరే ఉంటాయి కాబట్టి కోర్టు ద్వారా తెప్పించాలి.

పాత తేదీతో లేఖ సృష్టించే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. అది దొంగ పత్రం. నిజమైన మీ ఫిర్యాదును కూడా అబద్ధంగా మార్చి, బాధితురాలైన మిమ్మల్ని నిందితురాలిని చేస్తుంది. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలోని 18వ సెక్షన్ కింద పోలీసు కేసు పెట్టమని కూడా కొందరు సలహా ఇస్తారు. ఆ సెక్షన్‌లోని నేరాలలో ఉద్యోగ వివక్ష లేదు. లేబర్ కోర్టు దారీ మూసుకుపోయిందే, ఎందుకంటే ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే ‘వర్క్‌మెన్’ (కార్మికులు) కారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ప్రైవేటు పాఠశాలపై ఇలాంటి వివాదంలో రిట్ (నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) నిలవడం కూడా కష్టమే.

మిగిలింది సివిల్ దావా. రాజీనామా చెల్లదని ప్రకటించమనీ నష్టపరిహారం ఇప్పించమనీ అడగడానికి కాలపరిమితి మూడేళ్లు, అంటే మీకు ఎనిమిది నెలలే మిగిలాయి. తిరిగి ఉద్యోగంలో చేర్చుకోమని సివిల్ కోర్టు ఆదేశించడం అరుదు కనుక పరిహారం మీదే దృష్టి పెట్టండి. ముందుగా, 2019 చట్టం 11వ సెక్షన్ ప్రకారం పాఠశాల నియమించవలసిన ఫిర్యాదు అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో నిజాన్ని నేటి తేదీతో రాసి పంపండి. ఆ అధికారి 15 రోజుల్లో విచారించాలని ఆ చట్టం కింద చేసిన 2020 నిబంధనలు చెబుతున్నాయి. అసలు అలాంటి అధికారినే నియమించకపోతే ఆ లోపం కూడా దావాలో మీకు పనికొస్తుంది. అయితే ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన, నోటీసు పంపినంత మాత్రాన కాలపరిమితి ఆగదు. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసుకుని, నియామక పత్రం, జీతం రసీదులు, రాజీనామా నకలు తీసుకుని ఈ నెలలోనే న్యాయవాదిని కలవండి.