డబ్బా అడుగున పిండి కనిపిస్తే

చిరంజీవి మేనల్లుడికి బరంపురం నుంచి మావయ్య దీవించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. సిగార్ డబ్బా అడుగున గోధుమరంగు పిండి, పై ఆకు మీద గుండుసూదితో పొడిచినట్టు బొక్కలు. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం బేరాల గొడవలో మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీన్ని దుకాణంలో నీ కళ్లెదురుగా ఉండేలా పెట్టుకో.

ముందు నువ్వు బెంగ పెట్టుకోకు. ఇది బూజు కాదు, చెద కాదు, బియ్యంలో వచ్చే ముక్కుపురుగూ కాదు. పొగాకు పెంకుపురుగు. నీ అశ్రద్ధ వల్ల పుట్టింది కాదు. ఆకు బేళ్లలో ఉండగానే గుడ్డు పడి ఉండొచ్చు. ఆ గుడ్డు కంటికి కనపడదు. లంక పొగాకు చుట్టకైనా, పరదేశం నుంచి వచ్చిన సిగార్‌కైనా ఈ పీడ ఒకటే. డబ్బా మీద ఎంత ఖరీదు రాసి ఉన్నా, పురుగు లేదని నమ్మకం పెట్టుకోకూడదు.

ఇప్పుడే ఒక పని చెయ్యి. తెల్ల కాగితం పరిచి ట్యూబులైటు కింద కూర్చో. అనుమానం ఉన్న చుట్టని నిలువుగా పట్టుకుని మెల్లగా రెండుసార్లు తట్టు. కాఫీపొడి కన్నా మెత్తటి పొడి రాలిందంటే లోపల తొలుస్తోందన్నమాట. ఆ పొడిలో ఆవగింజ కన్నా కాస్త పెద్దది, ఎర్రమట్టి రంగుది, వీపు ఉబ్బి తల కిందికి వంచుకున్నది ఒకటి కనిపిస్తే అదే. వేలు తగలగానే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. చచ్చిందనుకుని ఊడ్చి గుమ్మం అవతల పోయకు. కదలకుండా కాసేపు చూడు, ఒక్కో కాలూ బయటికి తీస్తుంది. తర్వాత ఎగురుతుంది కూడా. సాయంకాలాలు దీపం వెలుగుకి వచ్చి వాలేవి అవే.

కానీ మన సరుకు తినేది ఆ పెద్ద పురుగు కాదు. అది రెండు మూడు వారాలు బతికి, గుడ్లు పెట్టి పోతుంది. ఒక్కో ఆడపురుగు వంద దాకా పెడుతుంది. గుడ్డులోంచి వచ్చే తెల్లటి నూగు పురుగే వారాల తరబడి ఆకు తొలుచుకుంటూ పోతుంది. మనకి కనిపించే బొక్కల్లో చాలావరకు అది పెద్దదై బయటికి వచ్చిన దారులే. అంటే నువ్వు బొక్క చూసేసరికి ఒక తరం గడిచిపోయింది, రెండోది మొదలై ఉంటుంది.

దీనికి ప్రాణం వేడి. 30 డిగ్రీలు, గాలిలో కాస్త తేమ ఉంటే దీనికి పండగ. మన గంజాం, గజపతి జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఉండేది ఆ వాతావరణమే కదా. ఆ వేడిలో నెలా నెలన్నరకి గుడ్డు కాస్తా పురుగై తిరుగుతుంది. 20 డిగ్రీల్లో అదే పనికి నాలుగు నెలలు పడుతుంది. ఇంకా చల్లబడితే ఎదుగుదల ఆగుతుంది. ఆగుతుంది గాని చావదు. నేను ఈ ఉత్తరం రాస్తున్నదే ఈ ఒక్క మాట కోసం.

ఇది తెలుసుకోవడానికి నేను పెద్ద మూల్యమే ఇచ్చుకున్నాను. 2013లో వానాకాలం మొదట్లో పద్నాలుగు డబ్బాల సిగార్లు తెప్పించాను. అద్దాల తలుపు కూలర్ కొని, 17 డిగ్రీలకి పెట్టి, అందులో సర్దాను. రోజూ పొద్దున్నే చూసుకునేవాణ్ణి. ఒక్క బొక్క లేదు, ఒక్క పొడి రవ్వ లేదు. గెలిచాననుకున్నాను. అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. చెట్లు, స్తంభాలు నేలకూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటి పైకప్పు బాగుచేసుకునే హడావుడిలో కూలర్ సంగతి ఎవరికి పట్టింది? నవంబరులో తెరిస్తే పదకొండు డబ్బాల్లో పిండి. చల్లదనంలో ముడుచుకుని కూర్చున్న పిల్లపురుగులన్నీ వేడి తగలగానే లేచాయి. ఆ రోజు మీ అత్తయ్య ఏమీ అనలేదు, చీపురు తెచ్చి ఇచ్చింది. అది నాకు ఇప్పటికీ గుర్తు.

కూలర్ పురుగుని నిద్రపుచ్చుతుంది. చంపేది ఫ్రీజర్. కొత్త సరుకు ఏది వచ్చినా, ఎంత బాగా కనిపించినా, అరలోకి వెళ్లేముందు ఫ్రీజర్లోకి వెళ్లాలి.

ఎలాగంటే, డబ్బాని మూత తియ్యకుండా జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి నొక్కేసి, దాన్ని ఇంకో సంచిలో పెట్టు. మొదటి రోజంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచు. రెండో రోజు ఫ్రీజర్లోకి మార్చు. మైనస్ 18 డిగ్రీలు ఖాయంగా ఉంటే మూడు నాలుగు రోజులు చాలంటారు. నేను మాత్రం వారం ఉంచుతాను, ఎందుకంటే డబ్బా నడిమధ్య ఉన్న సిగార్ దాకా చలి దిగడానికి టైం పడుతుంది. తర్వాత మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో, ఆపైన బయట. సంచి మీద చెమట పూర్తిగా ఆరేదాకా విప్పకు. తొందరపడి ఫ్రీజర్లోంచి నేరుగా మన మే నెల ఎండలోకి తెచ్చావంటే పై ఆకు పగిలిపోతుంది, నీళ్లు పట్టి సరుకు పాడవుతుంది. నాలుగు మెట్లూ దిగాలి, ఒక్కటీ దాటకూడదు.

మీ ఇంట్లో ఉన్న ఒంటి తలుపు ఫ్రిజ్‌ని నమ్మకు. దాని పైన మంచు గడ్డలు కట్టే చిన్న గూడు మైనస్ 18 దాకా పోతుందని చెప్పలేం. ఒక చిన్న థర్మామీటరు కొని రాత్రంతా అందులో పెట్టి చూడు. చాలకపోతే ఐస్‌క్రీమ్ అమ్మేవాళ్ల డీప్ ఫ్రీజర్లో ఒక మూల అడుగు, అద్దె ఇస్తానను. మధ్యలో కరెంటు పోయి సరుకు మెత్తబడితే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టు.

ఇప్పుడు పురుగు పట్టిన ఆ డబ్బా సంగతి. దాన్ని దుకాణంలో తెరవకు, పెరట్లో తెరువు. బొక్క ఉన్నవన్నీ పక్కకి తీసి, సంచిలో కట్టి ఫ్రీజ్ చేసి పారెయ్యి. బొక్క లేనివి ఒక్కొక్కటే తట్టి చూసి, పైన చెప్పినట్టు ఫ్రీజ్ చెయ్యి. ఆ డబ్బా పక్కన ఉన్నవి, పైన ఉన్నవి, కింద ఉన్నవి కూడా అనుమానితులే. అర పలకల సందుల్లో పాత బ్రష్షుతో గీకు, ఊడ్చిన చెత్త ఇంట్లో ఉంచకు. బొక్కపడిన చుట్ట గాలి లాగేసి ఒంటిపక్కనే కాలుతుంది. తక్కువ ధరకి కూడా దాన్ని అమ్మొద్దు. మన దగ్గర కొన్నవాడి ఇంటికి పురుగుని పంపినట్టే అవుతుంది.

ఎండలో వేస్తే పోతుందని పెద్దవాళ్లు అనేవారు. చుట్టల్ని ఎండలో వేస్తే పెద్ద పురుగులు ఎగిరిపోతాయి, గుడ్లు లోపలే ఉంటాయి, ఆకు మాత్రం పెళుసెక్కుతుంది. వేపాకు, దేవదారు చెక్క పెడితే వాసన బాగుంటుంది, లోపలి పురుగుకి ఏమీ కాదు.

ఇంకో సంగతి చెబుతాను, దీన్ని రెండుసార్లు చదువు. ఎవరో ఒకరు వచ్చి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టు, ఒక్క రాత్రిలో పోతాయంటారు. గోదాముల్లో, శిక్షణ పొందిన మనుషులు గది మూసి చేసే పని అది. ఆ బిళ్లకి గాలిలో తేమ తగిలితే ఫాస్ఫిన్ వాయువు వస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. మీరు దుకాణం వెనక గదిలో పిల్లల్ని పడుకోబెడతారు. పదకొండు డబ్బాలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు నాన్నా. ఆ బిళ్ల మన గడప దాటి రాకూడదు. ఇది నేను నీకు పెడుతున్న ఒట్టు.

ఆ వెనక గదిలోనే ఫూల్బణీ వైపు నుంచి వచ్చిన పసుపుకొమ్ముల బస్తాలు ఉన్నాయి కదా? ఫోటోలో ఒక మూల కనిపించాయి. నాకు అసలు అనుమానం వాటి మీదే. ఈ పురుగుకి పొగాకు ఒక్కటే కాదు, పసుపు, ఎండుమిర్చి, ధనియాలు, శొంఠి అన్నీ ఇష్టమే. సిగార్లకి ఎంత చేసినా, పక్కన బస్తాలో పురుగు ఉంటే సాయంత్రానికి మళ్లీ వస్తుంది. బస్తా దులిపి చూడు. అక్కడ పిండి కనిపిస్తే ముందు బస్తాల్ని వేరే ఇంటికి మార్పించి ఆ తర్వాతే డబ్బాల పని పెట్టుకో.

ఆడపురుగు వాసనతో మగవాటిని రప్పించే బంక అట్టలు దొరుకుతాయి, వాసన కార్డులంటారు, ఒకటి తగిలించుకో. వాటికి మగ పురుగులే అంటుకుంటాయి కాబట్టి అది మందు కాదు, కబురు మాత్రమే. వారం వారం తేదీ రాసి ఎన్ని అంటుకున్నాయో లెక్కపెట్టు. లెక్క పెరిగిన వారం నాకు ఫోన్ చెయ్యి.

వచ్చే ఆదివారం నౌపడా మీదుగా గుణుపూర్ బండి ఎక్కి పర్లాకిమిడి వస్తాను. స్టేషన్‌కి రావక్కర్లేదు, దారి నాకు తెలుసు. నేను వచ్చేదాకా రెండో అరలోని డబ్బాలు మొదటి అరలోకి మార్చకు, థర్మామీటరు మాత్రం రాత్రికే ఫ్రీజర్లో పెట్టి ఉంచు.

మీ మావయ్య