తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తుంటే ఏం చేయాలి?

మీ రెండడుగుల ట్యాంకులో నాలుగు గోల్డ్‌ఫిష్ ఉన్నాయని, ఎయిర్ పంపు రాత్రింబవళ్లు ఆడుతున్నా పొద్దున్నే అన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని రాశారు. ఇంకా పెద్ద పంపు కొనాలా అని మీ ప్రశ్న. ఇప్పుడే కొనకండి. ముందు నీటి పైభాగం ఎలా ఉందో చూడండి.

చేపలకు అందే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం బుడగల్లోంచి రాదండీ. బుడగ అడుగు నుంచి పైకి చేరేది క్షణాల్లో, ఆలోపు కరిగేది కొంచెమే. అది చేసే అసలు పని కింది నీటిని పైకి తోసి, పైభాగాన్ని కదిలించడం. గాలి ఎక్కువగా నీళ్లలో కలిసేది అక్కడే. సన్నటి ఎత్తు ట్యాంకు కన్నా అంతే నీళ్లు పట్టే వెడల్పాటిది మేలని నేను అందరికీ చెప్పేదీ అందుకే. విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా ట్యాంకుకు బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఒకటే. ఫిల్టర్ నీళ్లు పడే మూతి మాత్రం సరిగ్గా నీటి మట్టం దగ్గర పెట్టాను, పైనంతా అలలు ఆడుతూనే ఉంటాయి.

పైన నూనెలా పలచటి తెట్టు కనిపిస్తే గాలి కలవడం తగ్గిపోతుంది. వేసిన మేత జిడ్డు, వంటగది పక్కనే ఉంటే వేపుళ్ల పొగ, రెండూ దానికి కారణమే. టిష్యూ పేపరు నీటిపై పరిచి మెల్లగా లాగేయండి, తెట్టు దానితోనే వచ్చేస్తుంది. అద్దం మూత గట్టిగా బిగించి ఉంటే తీసేసి, దాని బదులు వల కప్పండి.

తెల్లవారుజామునే ఎందుకంటే, చీకట్లో మొక్కలు, పాచి కూడా చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుంటాయి. సూర్యోదయానికి ముందు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే యంత్రాలు, తిరిగేది ఇందుకే.

దానికి తోడు మన విశాఖ ఎండలు. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 32 డిగ్రీలకు అది 7.3కి పడిపోతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిందేమో పెరుగుతుంది. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప, మే నెలలో దానికి నిజంగా కష్టం. నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే వేడి కొంత తగ్గుతుంది. సముద్రపు తేమ వల్ల హైదరాబాదులో తగ్గినంత ఇక్కడ తగ్గదు, అయినా మానకండి. ఐసుగడ్డలు మాత్రం నేరుగా వేయొద్దు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. రెండడుగుల ట్యాంకంటే దాదాపు యాభై లీటర్లు, నాలుగు గోల్డ్‌ఫిష్‌కు అది చాలా ఇరుకు. వాటి వ్యర్థాలతో అమ్మోనియా, నైట్రైట్ పెరిగితే మొప్పలు దెబ్బతింటాయి, నైట్రైట్ రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. అప్పుడు నీళ్లలో ఎంత ఆక్సిజన్ ఉన్నా చేప రొప్పుతూనే ఉంటుంది. ఈ రోజే పావు వంతు నీళ్లు మార్చండి, రెండు రోజులు మేత ఆపండి, టెస్ట్ కిట్‌తో నైట్రైట్ చూడండి. కుళాయి నీళ్లు నేరుగా పోయకండి, క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది. క్లోరిన్‌ను విరిచే యాంటీ క్లోరిన్ మందు వేసి పోయండి. వీలుంటే రెండు చేపల్ని పెద్ద ట్యాంకున్న వాళ్లకు ఇచ్చేయండి, మిగతా రెండింటికీ ఇరుకు తగ్గుతుంది.

కరెంటు సంగతీ ఇప్పుడే చూసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. మేత ఆపేసి, మగ్గుతో నీళ్లు తీసి కొంచెం ఎత్తు నుంచి అదే ట్యాంకులో పోస్తూ చేపల్ని కాపాడుకున్నాం. ఇప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుతాను. మీ పంపు నీటి మట్టం కన్నా కింద ఉంటే ట్యూబుకు నాన్ రిటర్న్ వాల్వు పెట్టండి, లేకపోతే కరెంటు పోగానే నీళ్లు వెనక్కి పంపులోకి దిగుతాయి. గంటల తరబడి ఆగిన ఫిల్టర్‌ను, దాని స్పాంజిని బకెట్లోకి తీసిన ట్యాంకు నీళ్లలోనే కడిగాక వేయండి.

నీటి పైభాగం కదిలించాక, నీళ్లు మార్చాక కూడా చేపలు పైనే ఉంటే నైట్రైట్ రీడింగు ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.